రెండు ట్రాకులు

“ఒకటో సౌండు ట్రాకు వెయ్యమంటారా, రెండోదా?” మౌసు మీద చెయ్యి ఆపి అడిగాడు వీడియోలు డిస్కుల్లోకి ఎక్కించే కొట్టతను.

“నాన్న మాట ఎందులో బాగా వినిపిస్తే అది,” అన్నాడు కొడుకు. “కింద సబ్‌టైటిల్స్ కూడా కావాలి. అమ్మకి చిన్నప్పట్నుంచీ చెవులు వినపడవు.”

అమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. కొడుకు ఆమె భుజం తట్టి, “అమ్మా, అక్షరాలు పెద్దవి వెయ్యమందామా?” అని అరిచాడు.

“అరవకురా! మూతి వంకర్లు పోయి ఒక్క ముక్కా తెలియడం లేదు.”

నాన్న పోయి నెల కాలేదు. పోయే ముందు తీసిన ఈ వీడియోలో తప్ప ఆయన గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. గొంతంటే మామూలు గొంతు కాదు. ఆయన గుమ్మంలో తుమ్మితే వీధి చివర కుక్క లేచి కూర్చునేది. “మీ నాన్న నా మీద ఏనాడూ గొంతెత్తలేదు,” అని అమ్మ గొప్పగా అన్నప్పుడల్లా పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఎత్తినా ఆవిడకి తెలిసేదేముంది పాపం!

వీడియో మొదలైంది. “కెమెరా తిన్నగా పట్టుకోరా, వెధవా!” స్పీకరు అదిరింది. కొడుక్కి ఆ తిట్టు వినగానే ఏడుపొచ్చింది. చెల్లెల్ని బాగా చూసుకోమనీ, మేడ మీద నీళ్ల ట్యాంకుకి మూత వెయ్యమనీ నాన్న ఒకే స్థాయిలో కేకలేశాడు.

చివర్లో మాత్రం ఆయన చూపు కెమెరా పక్కకి తిరిగింది. పెదాలు కదిలాయి. మాట వినపడలేదు.

“ఇక్కడే!” కొడుకు లేచి నిలబడ్డాడు. “రెండో ట్రాకు పెట్టండి. నాన్న ఆఖరి మాటలు ఇవే.”

రెండోది నాన్న చొక్కా కాలరుకి తగిలించిన మైకుది. అందులోనూ అంతే. కొట్టతను వాల్యూం పెంచాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంది, ఫ్యాను కిర్రుమంది. అంతలో వీడియోలో నాన్న “ఇంక ఆపెయ్యరా!” అని వేసిన కేకకి మగాళ్లిద్దరూ ఉలిక్కిపడ్డారు.

“మైకు బాగానే ఉంది సార్. గడియారాన్ని పట్టింది, మనిషిని పట్టలేదు.”

“నీరసంతో గొంతు రాలేదేమో?”

“ఇంత కేక వేసినాయనకా? తీసింది మీరేగా, వినలేదా?”

“బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో చూసుకుంటూ మాట పట్టించుకోలేదు. నా పక్కన అమ్మ ఉంది గానీ, ఏం లాభం?” కొడుకు తల పట్టుకున్నాడు.

కొట్టతను ఆ ముక్కని మళ్లీ మళ్లీ తిప్పాడు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్లు మాత్రం ధారగా కారుతున్నాయి.

అతను ఆమె వైపు తిరిగాడు. “అమ్మగారూ, ఇక్కడ సబ్‌టైటిల్ ఏం వెయ్యను?”

“ఏం వెయ్యొద్దు నాయనా. అది అందరూ చదివేది కాదు.”

కొడుకు తెల్లబోయాడు. ‘ఏమన్నారు?’ అని చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిపాడు.

అమ్మకి అది చాలు.

“చెప్పాగా, ఆయన నా మీద ఏనాడూ గొంతెత్తలేదని.”