దండెం మీద నాలుగు ప్యాడ్లు

"ఇవి ఎవరివి ఆంటీ?"

పక్క క్వార్టర్ ప్రవల్లిక దండెం వైపు వేలు చూపించింది. దగ్గరికెళితే కరుస్తాయేమో అన్నట్టు నాలుగడుగుల దూరం నుంచే చూపించింది.

దండెం మీద నాలుగు గుడ్డ ప్యాడ్లు వరసగా ఎండకి ఆరుతున్నాయి. పది రోజుల పొగమంచు తర్వాత ఢిల్లీలో ఆ ఆదివారమే ఎండ మొహం చూపించింది. ఆర్.కె. పురంలోని ఆ ప్రభుత్వ క్వార్టర్స్‌లో రజాయిలూ, దిండ్లూ, ముసలివాళ్ళతో సహా అందరూ డాబా ఎక్కేశారు.

అనసూయ కుట్టుమిషన్ ఆపింది. ఆవిడ చుట్టూ చాప మీద, క్వార్టర్స్ వెనక బస్తీ నుంచి వచ్చిన ఐదుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. పాత కాటన్ చీరలతో ప్యాడ్లు కుట్టుకోవడం, నెలసరిలో వాడుకోవడం, ఉతుక్కోవడం ఆవిడ ఆదివారాలు వాళ్ళకి నేర్పుతోంది. కుట్టడం అందరికీ వచ్చేసింది. పేచీ అంతా ఎండలో ఆరేసే దగ్గరే. మంచాల కింద దాచి ఆరేసుకోవడం, సగం తడితోనే మళ్ళీ పెట్టుకోవడం, దురదలు తెచ్చుకోవడం. నలుగురూ చూసేచోట ఆరేయండమ్మా అంటే ఒక్కరికీ మనసొప్పదు. 'మీరైతే ఆరేస్తారా దీదీ?' అని వాళ్ళలో కాస్త నోరున్న బబీత కిందటివారం అడిగేసింది. ఇవాళ డాబా ఎక్కగానే దండెం చూసి, పక్కనున్నదాన్ని మోచేత్తో పొడిచింది.

"నావే," అంది అనసూయ.

"మీవా?" ప్రవల్లిక గొంతు తగ్గించింది. డాబా మీద అందరికీ వినిపించేంతే తగ్గించింది. "మీకు ఆగిపోయి ఆరేళ్ళయిందని మొన్న మోకాళ్ళ నొప్పులప్పుడు మీరేగా చెప్పారు ఆంటీ!"

అనసూయ మిషన్ మీది గుడ్డని అటూ ఇటూ సర్దింది. అబద్ధాలు అలవాటు లేనివాళ్ళతో ఇదే చిక్కు. రెండోది సిద్ధంగా ఉండదు.

కాస్త అవతల ఆవిడ భర్త సదాశివరావు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసులో ఆయన దగ్గితే నలుగురు పరిగెత్తుకొస్తారు. ఇక్కడ మాత్రం సిగ్గుతో ఆయన చెవులు కందిపోయాయి. పెళ్ళాలు చేసే పనులకి మొగుళ్ళు సిగ్గుపడటం ఆ కాలనీలో వింతేమీ కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"అంటే వీళ్ళవన్నమాట." ప్రవల్లిక చాప వైపు తిరిగింది. "మీరు సేవ చేసుకోండి ఆంటీ, నేను కాదనను. నేనూ చదువుకున్నదాన్నే, ఇదంతా నాచురల్ అని నాకూ తెలుసు. కానీ బస్తీ వాళ్ళ గుడ్డలు మనం వడియాలు పెట్టుకునే డాబా మీద ఏంటండీ? మా అత్తగారూ మామగారూ ఇప్పుడు ఎండకి పైకొస్తున్నారు." తర్వాత బబీతతో హిందీలో, "యే తుమ్హారే హై నా? ఉతారో, జల్దీ!" అంటూ, అవి తీసెయ్యమని గదిమింది.

"హమారే నహీ హై, మేడమ్. కసమ్ సే," అని బబీత, అవి తమవి కావని ఒట్టు పెట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి ఎవరివి? ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?"

సదాశివరావు పేపరు మడిచి లేచాడు. భార్య దగ్గరికొచ్చి వంగి, చెవిలో అన్నాడు.

"తీసెయ్యి అనసూయా. నీకు దణ్ణం పెడతాను. పరువు పోతోంది."

"తీసేస్తే వీళ్ళు ఇంటికెళ్ళి మళ్ళీ మంచాల కిందే ఆరేసుకుంటారు. ఉంచితే వీళ్ళనింక ఈ డాబా ఎక్కనివ్వరు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

ఆయన మడిచిన పేపర్నే మళ్ళీ మడిచాడు. పొద్దున ఆవిడ వాటిని పైకి తెస్తుంటే, బాత్రూంలో ఆరేస్తే చాలదా అని మెట్ల మీద అడ్డం నిలబడ్డ మనిషి ఆయన.

"నేను అసోసియేషన్‌లో చెప్పేస్తాను అంకుల్, ఏమీ అనుకోకండి," అంది ప్రవల్లిక. "ఇకనుంచి బయటివాళ్ళెవరూ పైకి రావడానికి వీల్లేదు."

బబీత అప్పటికే లేచింది. కుట్టినవీ కుట్టనివీ కలిపి సంచిలో కుక్కి, "చలో," అంది మిగతావాళ్ళతో. ఐదుగురూ తలలు వంచుకుని చెప్పులు వెతుక్కుంటున్నారు. తమది కాని తప్పుకి సిగ్గుపడటం వాళ్ళకి బాగా అలవాటు. అనసూయ నెమ్మదిగా దండెం దగ్గరికెళ్ళి మొదటి క్లిప్పు మీద చెయ్యి వేసింది. ఇంకొక్క మాట అంటే ఏడ్చేసేలా ఉంది. ఆవిణ్ణి అలా చూసేసరికి సదాశివరావుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఉండనీ అనసూయా," అన్నాడు. తర్వాత మెట్ల వైపు చూసి, "రుకో బబీతా. బైఠో బేటీ, కోయీ నహీ జాయేగా," అని, ఎవరూ వెళ్ళొద్దన్నాడు.

బబీత ఆగింది. రజాయిలు ఎండేస్తున్నవాళ్ళూ, నారింజలు ఒలుచుకుంటున్నవాళ్ళూ అందరూ తలలు తిప్పి చూశారు. సదాశివరావు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. అయినా ఈసారి పేపరు అడ్డం పెట్టుకోలేదు.

"అవి వాళ్ళవి కాదమ్మా ప్రవల్లికా, మా ఆవిడవీ కాదు," అన్నాడు. "ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నాకు మూత్రం ఆగడం లేదు. అవి పెట్టుకునేది నేను."