తొమ్మిదో ఫారం

"ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదో టీచరు ఏరీ?"

జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కిలామా చేతిలో కాగితాలు మరోసారి తిరగేశాడు. 'ఉద్యోగంలో మీకు తృప్తి ఉందా?' అని పైన పెద్దక్షరాలతో అచ్చువేసిన ఫారాలవి. స్టాఫ్‌రూములో ఉన్నవాళ్లంతా నింపి ఇచ్చేశారు.

"లానియేరో టీచరాండీ? ఇప్పుడే క్లాసుకెళ్లారు," అన్నాడు హెడ్మాస్టరు ఓడోక్.

"పిల్లాడికెవరికో జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లింది కదా," అన్నాడు ఒకెమా, సరిగ్గా అదే క్షణంలో. మాస్టర్లందరిలోకీ చిన్నవాడు అతను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కిటికీ పక్కన కూర్చున్న లామ్వాకా టీచరు అందుకుంది.

"క్లాసుకెళ్లింది, అట్నుంచటే ఆస్పత్రికెళ్లింది. టీ తాగండి సార్, చల్లారిపోతోంది."

కిలామా టీ ముట్టుకోలేదు. ఇలాంటివాళ్లు ప్రతి బడిలో ఒకరుంటారని అతనికి తెలుసు. రిజిస్టర్లో సంతకం ఉంటుంది, మనిషి ఉండదు. అడిగితే తోటివాళ్లు వెనకేసుకొస్తారు.

"ఒక సంగతి అర్థం కావట్లేదు," అన్నాడు. "కప్పు కారుతోందని రాశారు. క్లాసుకి నూట ఇరవైమందని రాశారు. కూర్చోడానికి కుర్చీల్లేవన్నారు. పోయినేడు ఈ బడినుంచే ఐదుగురు బదిలీ అడిగారు. ఇప్పుడేమో 'బదిలీ కావాలా' అన్నచోట ఎనిమిదిమందీ వద్దని రాశారు. అంతలో ఏం మారిపోయింది?"

"మా హెడ్మాస్టారి అందం చూసి ఉండిపోయామండీ," అన్నాడు ఒకెమా.

ఎవరూ నవ్వలేదు. కిలామా లేచాడు. "ఆవిడ క్లాసు చూపించండి."

నాలుగో తరగతి గదిలో పిల్లలు నేలమీద కిక్కిరిసి కూర్చున్నారు. బోర్డుమీద ఆనాటి తేదీ ఉంది, భిన్నాల పాఠం ఉంది. కిలామా నాలుగైదు నోటుపుస్తకాలు తీసి చూశాడు. నిన్నటి లెక్కల దాకా ఎర్రసిరాతో దిద్దేసి ఉన్నాయి. తప్పుచేసిన ప్రతిచోటా పక్కన సరైన లెక్క వేసి ఉంది.

"ఈ లెక్కలు ఎవరు చెప్పారమ్మా?" ముందు వరసలో పిల్లని అడిగాడు.

ఆ పిల్ల, వెంట వచ్చిన లామ్వాకా వైపు చూసింది. "మా టీచరండీ," అంది.

వరండాలోకి వచ్చాక కిలామా గొంతు కాస్త తగ్గింది. "పాఠాలు బాగానే చెబుతోంది, కాదనను. కానీ మనిషి కనపడాలి కదా. ఉండేది బడి క్వార్టర్సులోనేగా? పదండి, ఇంటికే వెళదాం."

ఆటస్థలం దాటితే క్వార్టర్సు. చివరి ఇంటి గుమ్మంలో పదమూడేళ్ల పిల్ల చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. పక్కన పుస్తకం తెరిచి ఉంది. చిన్నపిల్లలిద్దరు మట్టిలో ఆడుకుంటున్నారు.

"అమ్మ ఉందా?"

"లేదండీ."

"ఎప్పుడొస్తుంది?"

పిల్ల తల దించుకుంది. చేతిలో కాయ చితికింది.

"చదువుకోనివ్వండి సార్ దాన్ని," అంది లామ్వాకా గబగబా. "నవంబర్లో ఏడో తరగతి పరీక్ష రాయాలి. పోయినేడు మా స్కూల్లో అందరికంటే దీనికే ఎక్కువ మార్కులు."

"తండ్రి?"

"ఆయన పోయి నాలుగేళ్లు."

కిలామా ఇంటి చుట్టూ చూశాడు. కొత్తగా కొట్టిన కట్టెలు పేర్చి ఉన్నాయి. కుండలో బీన్స్ ఉడుకుతున్నాయి.

"చూడండి హెడ్మాస్టారూ, నాకు ఎవరిమీదా కోపం లేదు. కానీ ఈ ఇంటికోసం ఇద్దరు టీచర్లు ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. పని చెయ్యనివాళ్ల పేరు కొట్టేస్తే వారంలో ఖాళీ చెయ్యాలి. రూలది."

ఓడోక్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ముప్పైరెండేళ్ల సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరు ముందూ తల వంచని మనిషి. "డిసెంబరు దాకా ఆగండి సార్. పరీక్షలైపోనివ్వండి. ఆ తర్వాత మీరు నాపేరే కొట్టేసినా నోరెత్తను."

కిలామా అతన్ని వింతగా చూశాడు. "ఒకరి బద్ధకానికి మీరింత బతిమాలతారేంటండీ? సరే. సాయంత్రంలోగా ఆవిడ ఫారం నా చేతికొస్తే హాజరు వేస్తాను. రాకపోతే లేదు."

"నేను తెస్తానండీ," అంది లామ్వాకా.

నాలుగింటికి కిలామా మోటారుసైకిలు ఎక్కబోతుండగా తొమ్మిదో ఫారం వచ్చింది. నిలబడే చదివాడు. మిగతావాళ్లలా ఫిర్యాదులేవీ లేవు. 'తృప్తి ఉందా' అన్నచోట 'ఉంది' అని ఉంది. ఉద్యోగంలో మీకు బాగా నచ్చేదేమిటి? 'తోటివాళ్లు.' ఇక్కడ ఎంతకాలం ఉండాలనుకుంటున్నారు? 'నా పిల్లలు పెద్దయ్యేదాకా.'

కిలామా ఆ పేజీ వెంటనే తిప్పలేదు. జేబులోంచి పెన్ను తీసి హాజరు వేశాడు.

"జిల్లా అంతా తిరిగాను. ఉంది అని రాసింది ఈవిడొక్కతే," అన్నాడు. "పొద్దున తొందరపడ్డాను. ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా కలుస్తానని చెప్పండి."

"చెప్తానండీ," అంది లామ్వాకా.

బండి రోడ్డెక్కి దుమ్ములో కలిసిపోయేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. తర్వాత ఓడోక్ సుద్దముక్క తీసుకుని నాలుగో తరగతి వైపు నడిచాడు. ఒకెమా గొడ్డలి భుజాన వేసుకుని క్వార్టర్సు దారి పట్టాడు. లామ్వాకా ఆ ఫారం నింపిన పెన్నుకి మూత పెట్టింది.

లానియేరో టీచరు చనిపోయి అప్పటికి ఏడు వారాలు.