లేబుల్ మీద తెల్ల కాగితం

...పాట మధ్యలో అదే చోట సూది టక్‌మని ఎగిరింది, మా తాత రికార్డులో లాగే. అందుకే నిన్న ఆ కాగితం పీకేశాను.

నారాయణగూడ కేఫ్‌లో ఆదివారం మధ్యాహ్నాలు అమెరికా నల్లవాళ్ల పాత సోల్ పాటలు వేసే డీజేలకు ఒక మర్యాద ఉంది. ఇంకెవరి దగ్గరా లేని రికార్డయితే, దాని మధ్యలో పేరుండే లేబుల్ మీద తెల్ల కాగితం అంటిస్తారు. కింద ఏ పేరుందో ఎవరూ చూడకూడదు.

నాకది నేర్పింది అక్కడి డీజే అనుదీప్ అన్నే. "పాట విను, పేరు అడగకు. కాగితం ముట్టినవనుకో, మళ్ల ఇక్కడ అడుగు పెట్టనియ్యం," అన్నాడు నవ్వుతూ.

అన్న చాయ్‌కి కిందికి వెళ్ళగానే గోటితో లేపాను. నీలం సిరాతో మా తాత సంతకం. పోయిన నెల అశోక్‌నగర్‌లో మా ఇంటి తాళం పగలగొట్టి ఎత్తుకుపోయిన పెట్టెలోది అది.

మెట్ల మీద అడుగుల చప్పుడు విని వెనక దారిన పారిపోయాను. కాగితం నా పిడికిట్లోనే ఇంటికొచ్చింది. చిక్కడపల్లిలో ట్యూషన్ అని చెప్పి వెళ్ళాను, ఇంట్లో ఎలా చెప్పను? అన్నకి మా ఇల్లెక్కడో నేనెప్పుడూ చెప్పలేదు.

తలుపు కొడుతున్నారు. అమ్మ.

"మాధురీ, ఎవరో అన్న వచ్చిండే. ఆయన కాగితమేదో నీ దగ్గర ఉండిపోయిందంట."

ఈ పేజీలు పరుపు కింద పెడుతున్నాను. కాగితం కూడా.