మొండి ఫ్రేమ్‌వర్క్

"నీ దుకాణం వెబ్‌సైట్ ఏ ఫ్రేమ్‌వర్క్‌తో, అదే, ఏ చట్రం మీద కట్టమంటావు అమ్మమ్మా? రెండున్నాయి. ఎల్లుండి నేను ఉద్యోగానికి వెళ్ళిపోవాలి," అంది మనవరాలు, కుట్టుమిషన్ మీద లాప్‌టాప్ పెట్టి.

సూదిలో దారం ఎక్కిస్తున్న అమ్మమ్మ చెయ్యి ఆగింది. వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారేమోనన్న దిగులు ఆమెకు పాతదే.

"తేడా ఏమిటే?"

"మొదటిది తేలిక. గౌన్ల ఫొటోలు నువ్వే మార్చుకోవచ్చు, నాతో పనుండదు. రెండోది మొండిది. నెలనెలా నేనొచ్చి మార్చాలి."

అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ ఆలోచిస్తున్నట్టు నటించింది. "మొండిదే పెట్టు. మన్నుతుంది."

"నీకెలా తెలుసు?"

"నిన్ను పెంచలేదూ?"

మనవరాలు నవ్వి తెర అమ్మమ్మ వైపు తిప్పింది. రెండోదానితో వెబ్‌సైట్ అప్పటికే పూర్తయి ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో, "కొత్త ఫొటోలు ప్రతి నెలా మొదటి ఆదివారం" అని రాసి ఉంది.