కుందేలుకు ఎనభై పళ్లు

అడవి బంతాటలో ఒక కట్టుబాటు ఉంది. ఏ జట్టూ తన ఆటగాళ్లందరికీ కలిపి ఏటా వంద రేగుపళ్లకు మించి పెట్టకూడదు.

ఎలుగుబంటి తన జట్టులోని కుందేలుకు మూడేళ్లపాటు ఏటా ఎనభై పళ్లు పెడతానని మాటిచ్చింది. మిగిలిన ఇరవై పళ్లనే జట్టులోని మిగతా ఆటగాళ్లైన ఉడతలన్నిటికీ సరిపెట్టింది.

మొదటి ఏడు కుందేలు పరుగుతో జట్టు గెలిచింది. రెండో ఏటికి ఆ పళ్లన్నీ తిని కుందేలు కదల్లేకపోయింది.

ఎలుగు పక్క జట్టు నాయకురాలైన తాబేలు దగ్గరికి పోయి, "వదినా, ఈ కుందేలును నువ్వు తీసుకో," అని బతిమాలింది.

"తీసుకుంటాను మరిదీ, పళ్లు మాత్రం నువ్వే పెట్టాలి. మాటిచ్చింది నువ్వు కదా!"

ఎటూ పళ్లు తనే పెట్టాలి కదా అని ఎలుగు కుందేలును తన జట్టులోనే ఉంచుకుంది. ఇంకో ఆటగాణ్ణి పెట్టుకోవడానికి పళ్లు లేక, మూడో ఏడు ఎలుగే రొప్పుతూ పరుగెత్తింది. గట్టున కూర్చుని పళ్లు నములుతూ కుందేలు కేకేసింది: "ఇంకాస్త జోరుగా మామా, గెలిచేది మనమే!"