తొమ్మిది నిమిషాల సోలో

టేపు ఇంకా వేడిపెట్టెలోంచి బయటికి రాలేదని తెలియగానే గిటారిస్టు బల్ల మీద గట్టిగా చరిచాడు.

"పొద్దున్నే సిద్ధంగా ఉండాలని చెప్పానా లేదా?"

"ఇంకో అరగంట సార్" అంది పెద్దావిడ, కళ్లజోడు పైకి నెట్టుకుంటూ. "పాత టేపు జిగురు పట్టేస్తుంది. ఎనిమిది గంటలు సన్నటి వేడికి ఆరితేగానీ తిరగదు. తొందరపడితే పూతంతా రాలిపోతుంది."

పాత టేపుల్ని బాగుచేసి కంప్యూటర్లోకి ఎక్కించే దుకాణం అది. ఆవిడ అక్కడ పనిచేస్తుంది. వేడిపెట్టె అంటే మరేం లేదు, పళ్లముక్కలు ఎండబెట్టుకునే యంత్రమే.

గిటారిస్టు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నోరు మాత్రం ఊరుకోలేదు.

"మొన్న రేడియోవాళ్లు ఓట్లు పెట్టారు, విన్నావా? జనానికి బాగా నచ్చిన వంద రాక్ సోలోలు. మొదటిది నాది."

"విన్నాను సార్. ఏటా మొదట నిలిచే ఆర్గాన్ సోలోని కూడా దాటేసింది. చాలా సంతోషం."

"సంతోషమా? ఒళ్లు మండిపోయింది నాకు!"

ఆ మంట నలభై ఏళ్లనాటిది. ఒక మధ్యాహ్నం స్టూడియోలో అతను ఏకబిగిన తొమ్మిది నిమిషాలు వాయించాడు. ఒళ్లు మరిచి వాయించానని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ పూట ఎంత తాగాడో మాత్రం చెప్పడు. తీరా రికార్డు బయటికొస్తే అందులో ఉన్నది రెండున్నర నిమిషాలే. టేపు గదిలో ఎవడో నకలు తీసి, బ్లేడుతో ముక్కలు కోసి అతికించాడు.

ఆ కోతగాడి మొహమైనా అతను చూడలేదు. స్టూడియోకి ఉత్తరం రాసి ఉద్యోగం పీకించాడు. ఇంకే స్టూడియో గడపా తొక్కనివ్వకుండా అందరికీ చెప్పించాడు. అయినా కసి తీరలేదు.

"ఇన్నాళ్లకి అసలు టేపు దొరికింది. పదకొండింటికి విలేకరులొస్తున్నారు. తొమ్మిది నిమిషాలూ వినిపిస్తాను. నా సంగీతం గొంతు కోసినవాడు ఎక్కడున్నా సిగ్గుతో చావాలి."

ఆవిడ వేడిపెట్టె మూత సరిచేసింది.

"స్టేజీ మీద మీరు వాయించేది ఆ రెండున్నర నిమిషాలే కదా సార్?"

"జనం అదే అడుగుతారు మరి! రికార్డు పెట్టుకుని నేర్చుకున్నాను, ఏం చెయ్యను?"

"మీరు వాయించింది మీరే నేర్చుకున్నారా?"

"నీకెందుకమ్మా ఇవన్నీ?"

"పోనీ, వాళ్లు రాకముందు ఒక్కసారి మీరొక్కరే వినండి. నా మాట వినండి సార్."

"నా సోలో నాకు తెలీదా? టేపులు ఆరబెట్టే పని నీది. అది చూసుకో."

ఆవిడ చూసుకుంది.

పదకొండింటికి ఆరుగురు విలేకరులు ఆ ఇరుకు గదిలో సర్దుకున్నారు. గిటారిస్టు నిలబడి, కోతగాడిని కడుపారా తిట్టి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. టేపు తిరిగింది.

అందరికీ తెలిసిన ఆ ఎత్తుగడే. అందరికీ ఒళ్లు గగుర్పొడిచింది. అర నిమిషం బాగానే గడిచింది.

తర్వాత వేళ్లు తడబడ్డాయి.

"శ్రుతి తప్పినట్టుందే?" అంది ఒక విలేకరి, రాయడం ఆపి.

"పాత టేపమ్మా, అలాగే ఉంటుంది" అన్నాడు గిటారిస్టు.

అతనికి ఆ మధ్యాహ్నం ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో తను తూలి మైకు స్టాండు మీద పడతాడు. డ్రమ్మరుని నానా బూతులూ తిడతాడు. ఆ తర్వాత ఏడుస్తాడు. అంతా టేపులో ఉంది. ఆ చెత్తలోంచి మంచి ముక్కలు ఏరి, అతికించి, ఎవరో తనని బతికించారు. ఆపమంటే ఎందుకని అడుగుతారు. నలభై ఏళ్ల పేరు ఆరుగురి ముందు మట్టికొట్టుకుపోబోతోంది.

ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే అతని వైపు చూస్తోంది.

ఆవిడ చెయ్యి యంత్రం మీదికి వెళ్లి ఎర్ర బటన్ నొక్కింది.

శబ్దం ఆగిపోయింది. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది. మధ్యలో మౌనం కూడా సోలోలో భాగమే అనుకుని ఒకతను తల ఊపాడు కూడా. గిటారిస్టే కదలకపోతే మిగతావాళ్లేం కదులుతారు?

టేపు చివరంటా తిరిగాక ఆవిడ లేచి నిలబడింది.

"పొరపాటున రికార్డు బటన్ నొక్కేశాను సార్. మిగతాదంతా చెరిగిపోయింది."

అతని గుండెల మీంచి బండ దిగింది. కానీ అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి.

"దీన్ని ఈ క్షణమే పనిలోంచి తీసెయ్యండి!" అని గుమ్మంలో నిలబడ్డ దుకాణం యజమాని మీద అరిచాడు. "లేకపోతే మీ దుకాణమే మూయిస్తా!"

ఆవిడ కళ్లజోడు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఒక మహా సోలో ఎవరికీ దక్కకుండా పోయిందని మర్నాడు పేపర్లన్నీ కన్నీళ్లు పెట్టుకున్నాయి. గిటారిస్టు పేరు ఇంకా పెరిగింది. అతనికి మాత్రం ముద్ద దిగలేదు. అది పొరపాటు కాదని అతనికి తెలుసు. పిరికివాడే గానీ మరీ రాయి కాదు.

వారం తిరక్కుండా దుకాణానికి వచ్చాడు.

"ఆవిడ ఇల్లెక్కడ? కాళ్ల మీద పడైనా క్షమించమని అడగాలి."

"ఊరు వదిలి వెళ్లిపోయింది సార్. ఎక్కడికో నాకూ చెప్పలేదు."

"నా మూలంగా ఆవిడ ఉద్యోగం పోయింది."

యజమాని అతని మొహం చూడకుండా, చేతిలో టేపు చుట్టుకుంటూ అన్నాడు: "ఆవిడకి అలవాటేలెండి, నలభై ఏళ్ల కిందట మీరు ఉత్తరం రాసి స్టూడియోలోంచి తీయించింది కూడా ఆవిడనేగా."