జిట్రేగి పెట్టె

ప్రసూన చీరలు మడిచి సంచిలో పెడుతోంది. భర్త పోయాక గోదావరిఖనిలోని క్వార్టర్ ఖాళీ చేసి రామకృష్ణాపూర్‌లోని అన్న ఇంటికి వెళ్లిపోతోంది. సాగనంపడానికి వచ్చిన తోటికోడలు విశాలాక్షమ్మ కళ్లు మాత్రం మూలనున్న నల్ల పెట్టె మీదే ఉన్నాయి.

"అత్తమ్మ నీకు జిట్రేగి పెట్టె ఇచ్చె. నాకేమో ఉత్త టేకుది."

"ఇంకా అదే పాటనా అక్కా? నాకు నడుము వంగుతలేదు, జర ఆ పెట్టె అందియ్యి."

"ఎన్నడూ ముట్టనియ్యనిదానివి, ఇయ్యాల అందియ్యమంటవా?"

నల్లటి జిట్రేగి చెక్క టేకు కంటే బరువని, విశాలాక్షమ్మ రెండు చేతులూ వేసి బలంగా లేపింది. పెట్టె తేలిగ్గా లేచి తలుపుకు గీరుకుంది. గీత తెల్లగా పడింది. అరచేతులు నల్లబడ్డాయి. వాసన చూసుకుంది.

"ఇది మామిడి చెక్క గదనే! బూటు పాలిష్ పూసినవా?"

"నీ మరిది డ్యూటీ బూట్లది. ప్రతి దసరాకు పూస్తున్న."

"మరి నాకెందుకు చెప్పలే? ఇన్నేండ్లు ఏడ్చి సస్తి గద!"

ప్రసూన సంచి జిప్పు లాగింది.

"నన్ను చూసి కుళ్లుకునేది ఈ లోకంల నువ్వొక్కదానివే అక్కా. అది గూడ పోతే నాకేముంటది?"

బయట ఆటో హారన్ మోగింది. విశాలాక్షమ్మ తన అరచేతి నలుపును తెల్లగీత మీద రుద్దింది. పెట్టె బయటకు తెచ్చి, ఇరుగుపొరుగంతా వినేలా ఆటో అతనితో అంది:

"మెల్లగ పెట్టు బిడ్డా. అసలు జిట్రేగి!"

ప్రసూన మళ్లీ గోదావరిఖనికి రాలేదు. ఆ ఏడు దసరాకు ముందే రామకృష్ణాపూర్‌లో చనిపోయింది.